వడదెబ్బ విధిరాత కాదు!

'వాతావరణ మార్పు' అనే మాట వినని విద్యార్థి ఈ రోజుల్లో లేడు. దినపత్రికల్లో అదే, టీవీ చర్చల్లో అదే, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల నోట్సుల్లోనూ అదే. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్స్‌కు చదివే మిత్రుడిని అడిగితే గ్రీన్‌హౌస్ వాయువుల పేర్లు వరుసగా అప్పజెబుతాడు. క్యోటో ఒప్పందం 1997, పారిస్ ఒప్పందం 2015 అని తడుముకోకుండా చెబుతాడు. సంతోషించవలసిన విషయమే. కాని అదే మిత్రుడు పుస్తకం మూసి, నారాయణగూడ చౌరస్తాలో చాయ్ తాగుతూ, "ఈ ఏడు చలి చంపేసింది గదా, ఇంక భూమి వేడెక్కుడేందిరా?" అని నవ్వుతాడు. పరీక్ష కోసం చదివిన చదువు ఒకటి, మనసులో నమ్మేది మరొకటి. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం వల్ల నష్టపోతున్నది ఎవరో కాదు, మన ఇళ్ళలోని వాళ్ళే. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం.

ఒకే మాట, రెండు అర్థాలు

మిత్రులారా! తెలుగు మీడియంలో చదివిన మనందరికీ సాంఘికశాస్త్రంలో రెండు మాటలు వేరు వేరుగా నేర్పారు. ఇవాళ ఎండగా ఉందా, మబ్బుగా ఉందా, రేపు వాన పడుతుందా అన్నది వాతావరణం. ఒక ప్రాంతంలో ఏళ్ళ తరబడి ఎండ, వాన, చలి సగటున ఎలా ఉంటాయన్నది శీతోష్ణస్థితి. ప్రపంచ వాతావరణ సంస్థ ఈ సగటును మామూలుగా 30 ఏళ్ళకు లెక్కగడుతుంది. మారుతున్నదని శాస్త్రవేత్తలు చెబుతున్నది ఈ రెండవదాన్ని. కాని పత్రికలు 'శీతోష్ణస్థితి' అన్న మాట నోరు తిరగదనుకున్నాయో ఏమో, దానికి కూడా 'వాతావరణ మార్పు' అనే పేరే స్థిరపడిపోయింది. వాతావరణ శాఖ చెప్పేదీ వాతావరణమే, వందేళ్ళలో మారిందీ వాతావరణమే. ఇంక ఊళ్ళో పెద్దమనిషికి ఏమర్థమవుతుంది? "వాతావరణమన్నాక మారకుండ ఉంటదా బిడ్డా? పొద్దున ఒక తీరు, మాపు ఒక తీరు" అంటాడు. ఆయన తప్పు ఇందులో ఏమీ లేదు. మనం వాడే మాటలోనే చిక్కుంది. ఇంగ్లీషు మాట వాడితే మాత్రం చిక్కు తీరిందా? నాలుగు మబ్బులు కమ్మగానే "ఇవాళ క్లైమేట్ సూపర్‌గా ఉంది మామా" అనేది మన కుర్రవాళ్ళే కదా!

నిజానికి ఈ తేడా మన తాతలకు బాగా తెలుసు. వాళ్ళ లెక్క కార్తెల లెక్క. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలు కొడతాయని, మృగశిర కార్తె వస్తే చల్లబడుతుందని అన్నారు. ఈ మాట ఒక ఏటి అనుభవంతో అన్నది కాదు, తరతరాలు చూసి తీసిన సారాంశం. ఏదో ఒక ఏడు రోహిణిలో వాన పడినంత మాత్రాన కార్తె లెక్క తప్పని ఏ రైతూ అనడు. కార్తె మీద పెట్టుకున్న నమ్మకమే శీతోష్ణస్థితి, ఆ రోజు నెత్తిన పడ్డ వానే వాతావరణం. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే హాస్టల్ మెస్సు సంగతే చూద్దాం. ఒక ఆదివారం కూర రుచిగా కుదిరిందని మన మెస్సు బాగుందని ఎవరైనా అంటామా? ఏడాది మొత్తం తిన్నవాడే చెప్పగలడు!

"1966లోనే కొట్టింది గదా ఎండ!"

చదువుకున్నవాళ్ళు వేసే ప్రశ్న ఇంకొకటుంది. హైదరాబాద్‌లో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు. అది వచ్చింది 1966 జూన్ 2న. "అంటే మా నాయనలు చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే ఇప్పటికన్నా ఎక్కువ ఎండ కొట్టింది, మరి వేడెక్కిందెక్కడ?" అని వాదిస్తారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కాని ఒక్క రోజు రికార్డు ఒక్క రోజు సంగతే చెబుతుంది. ఇదే నగరంలో 1946 జనవరి 8న 6.1 డిగ్రీల చలి కూడా పడింది. ఆ ఒక్క అంకె చూసి హైదరాబాద్ చల్లని ఊరు అనగలమా?

అష్టాచెమ్మా ఆట గుర్తు చేసుకుందాం. నాలుగు గవ్వల్లో ఒకదాన్ని ఎవరో కొంచెం అరగదీశారనుకోండి. ఆ తర్వాత కూడా చెమ్మా పడుతుంది, రెండూ మూడూ పడతాయి. ఫలానా అష్టా అరగదీసినందుకే పడిందని ఏ ఒక్క పందెం చూసీ చెప్పలేం. కాని నూరు పందేలు వేసి చూస్తే అష్టాలు మునుపటికంటే ఎక్కువ పడ్డాయని తేలిపోతుంది. భూమి వేడెక్కడం అలాంటిదే. చలి రోజులు ఉంటాయి, ఆదిలాబాద్ వైపు గజగజ వణికించే రాత్రులూ ఉంటాయి. మారుతున్నది ఏ రోజులు ఎన్నిసార్లు వస్తున్నాయన్న లెక్క.

ఆ లెక్క ఏం చెబుతోంది? 1850-1900 నాటి సగటుతో పోలిస్తే 2024లో భూగోళం సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. మన దేశంలోనూ 1901 నుంచి ఉన్న లెక్కల్లో 2024 అత్యంత వేడి సంవత్సరమని భారత వాతావరణ శాఖ తెలిపింది. ఒక్క ఏటి అంకెతో తీర్పు చెప్పకూడదని పైన మేమే అన్నాం కనుక పదేళ్ళు చూద్దాం. 2024 నాటికి ఉన్న మొత్తం లెక్కల్లో 2015 నుంచి 2024 వరకు గడిచిన పదేళ్ళే అత్యంత వేడి పదేళ్ళు. ఇది యాదృచ్ఛికం అనుకోవడానికి వీల్లేదు.

"ఒకటిన్నర డిగ్రీకే ఇంత రాద్ధాంతమా?" అనేవారూ ఉన్నారు. మన ఒంటి వేడి 37 నుంచి 38 డిగ్రీలైతే జ్వరమంటాం, పనికి పోలేం. భూమికి అదనంగా చేరిన వేడిలో తొంభై శాతానికి పైగా సముద్రాలే తాగుతున్నాయి. సగటులో కొద్దిపాటి తేడా కనబడిందంటే దాని వెనుక ఎంత వేడి పోగుపడి ఉండాలో ఆలోచించండి.

ఓజోన్ చిల్లు కాదు, పొగ కాదు

కారణం విషయంలో కూడా గందరగోళం ఎక్కువే. "ఓజోన్ పొరకు చిల్లు పడింది, అందుకే ఎండలు" అని చాలామంది ఇప్పటికీ రాస్తున్నారు. ఓజోన్ పొర అడ్డుకునేది అతినీలలోహిత కిరణాలను. దాని పలుచదనం ఎక్కువగా కనిపించింది అంటార్కిటికా మీద. దానికి కారణమైన రసాయనాలను తగ్గించడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, ఆ పొర నెమ్మదిగా కోలుకుంటోంది కూడా. ఎండాకాలం వేడికీ, ఈ చిల్లుకూ ముడిపెట్టడం సరికాదు.

అసలు సంగతి సులువైనదే. చలికాలంలో మబ్బు పట్టిన రాత్రి చలి తక్కువగా ఉంటుందని పల్లెటూరి వాళ్ళం మనకు తెలుసు. భూమి నుంచి పైకి పోవలసిన వేడిని మబ్బు దుప్పటిలా పట్టి ఉంచుతుంది. బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ పగలూ రాత్రీ ఇదే పని చేస్తుంది. అది కంటికి కనబడదు, వాసన ఉండదు. కోఠి, కాచిగూడ రోడ్ల మీద మనం ముక్కు మూసుకునే పొగ వేరే ముప్పు. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళున్న ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది. ఇది నిన్న మొన్న ఎవరో పుట్టించిన భయం కూడా కాదు. ఈ వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త అర్హేనియస్ 1896లోనే లెక్కగట్టాడు.

"చెట్లు కొట్టేశారు, కాంక్రీటు పెరిగింది, అందుకే నగరం ఉడికిపోతోంది" అన్న మాటలో సగం నిజముంది. డాబాలు, రోడ్లు పగలంతా వేడి తాగి రాత్రంతా వదులుతాయి. అందుకే పై అంతస్తులో పడుకునేవాళ్ళకు అర్ధరాత్రి దాటినా నిద్ర పట్టదు. కాని ఇది నగరానికి ఉన్న సొంత వేడి. చెట్టూ చేమా ఉన్న పల్లెల్లోనూ, మనిషే లేని సముద్రాల మీదా వేడి ఎందుకు పెరుగుతున్నట్టు? అది భూగోళం మొత్తానికి పట్టిన వేడి. నగరంలో పేదవాడి నెత్తిన ఈ రెండు వేళ్ళూ కాదు, రెండు పిడికిళ్ళూ కలిసి పడుతున్నాయి. చెట్లు నాటడం మంచిదే, నీడకు, ప్రాణానికి అవసరమే. కాని కోట్ల ఏళ్ళు నేలలో దాగిన బొగ్గును మండిస్తూ, నాలుగు మొక్కలు నాటి ఫోటో దిగితే లెక్క సరిపోయిందనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

వరదకు ఎవరు బాధ్యులు?

ఇక వానల సంగతి. "వేడెక్కితే వానలు తగ్గాలి గదా, మరి ఈ వరదలేమిటి?" అని అడుగుతారు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. తేమ ఎక్కువ పట్టుకున్న గాలి కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. కురవని రోజుల్లో అదే గాలి నేలలోని తడిని ఎక్కువగా పీల్చేస్తుంది. అందుకే ఒకే ఏడాదిలో నెల రోజుల ఎండూ చూస్తాం, ఒక్క రాత్రిలో చెరువు తెగడమూ చూస్తాం. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వర్షాల ఘటనలు 1950-2015 మధ్య మూడింతలయ్యాయని పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2017లో వెల్లడించారు.

అయితే ఇక్కడ ఇంకో పొరపాటు అభిప్రాయం మొదలైంది. అది మొదటి దానికంటే ప్రమాదకరమైనది. ప్రతి వరదకూ "వాతావరణ మార్పు" అని పేరు పెట్టి చేతులు దులుపుకోవడం! మన చుట్టుపక్కల చరిత్రే చూద్దాం. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది ప్రాణాలు తీసింది. అప్పటికి భూమి ఇంతగా వేడెక్కలేదు. ఆ పాలకులు విధి అని ఊరుకోలేదు, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆ తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్‌సాగర్ మిగులు నీరు మోసే నాలా అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంటల మీదుగా గోల్నాక వైపు పోయి మూసీలో కలుస్తుంది. ఆ నాలా పొడవునా బస్తీలు నీట మునిగాయి. నాలాలను వెడల్పు చేయాలని ఆ తర్వాత నివేదికలు వచ్చాయి. ఇరవై ఏళ్ళకు 2020 అక్టోబర్ 13 రాత్రి బేగంపేటలో 19 సెంటీమీటర్లు దాటి కురిసినప్పుడు నగరంలో మళ్ళీ పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి.

గమనించండి, బేగంపేటలో 2020లో పడ్డ వాన 2000లో పడ్డదానికంటే తక్కువే. వానను పెంచేది వేడెక్కిన గాలి కావచ్చు. కాని ఆ నీరు బస్తీలోకి వచ్చేది నాలా ఇరుకైనందుకు, చెరువు శిఖంలో ఇళ్ళు లేచినందుకు. శాస్త్రాన్ని నమ్మకపోవడం ఎంత తప్పో, శాస్త్రాన్ని అడ్డం పెట్టుకుని బాధ్యత తప్పించుకోవడం అంత తప్పు. గాలి చేసిన పని ఎంత, మనిషి చేసిన పని ఎంత అని విడదీసి అడగడం చదువుకున్నవాళ్ళుగా మనం నేర్చుకోవాలి.

ఇది మన గడప సమస్య

"ఇవన్నీ శాస్త్రవేత్తల విషయాలు, మనకెందుకు?" అంటారేమో. మనకే కావాలి. మేము పి.జి. వరకు వచ్చాం. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్ళం మేమే. ఈ హాస్టల్‌లో చాలామందిది ఇదే కథ. పాలమూరు బండి దిగి, కాచిగూడ స్టేషన్‌లోంచి ట్రంకు పెట్టె మోసుకుంటూ వచ్చినవాళ్ళం. మనం ఫ్యాను కింద కూర్చుని చదువుకుంటున్న మే నెల మధ్యాహ్నం మన అమ్మానాయనలు ఎక్కడున్నారు? మట్టి పనిలో, ఇటుక బట్టీలో, స్లాబు సెంట్రింగ్ మీద, మిరప కల్లంలో. మన వాడలు ఎక్కువగా ఊరికి పల్లంలో ఉంటాయి కనుక వరద వచ్చినా ముందు మన ఇంటికే వస్తుంది, ఎండ కొట్టినా రేకుల కప్పు మనదే.

2002 మే నెలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడు 2003లోనూ అంతే. 2015లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి మృతులు 2 వేలు దాటారు. వీరిలో అత్యధికులు కూలీలు, ముసలివాళ్ళు, గూడు లేనివాళ్ళు అని అప్పటి పత్రికలే రాశాయి. ఏసీ గదిలో ఉన్నవాడికి వడదెబ్బ తగిలిందని ఎక్కడైనా చదివామా?

ఇంతకంటే బాధాకరమైన విషయం ఏమిటంటే, లెక్కలోకి రాని చావులు ఇంకా ఉన్నాయి. పని నుంచి వచ్చి పడిపోయి తెల్లారేసరికి కన్నుమూసిన మనిషిని "గుండె ఆగింది", "ఆయుష్షు తీరింది", "దేవుడు తీసుకపోయిండు" అని సాగనంపుతాం. డాక్టరుకు చూపించం, పంచనామా ఉండదు, కాగితం మీద వడదెబ్బ అన్న మాటే ఉండదు. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో ఏం జరిగిందో ఈ సందర్భంగా తెలుసుకోవాలి. మామూలు మే నెలల్లో జరిగే మరణాలతో పోల్చి చూస్తే ఆ ఒక్క నెలలో 1,300 మందికి పైగా అదనంగా చనిపోయినట్టు పరిశోధకులు తేల్చారు. లెక్క తేలింది కనుకనే ఆ నగరం మేల్కొంది. 2013లో దేశంలోనే మొదటిసారిగా వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. ముందస్తు హెచ్చరికలు, ఆసుపత్రుల్లో ఏర్పాట్లు, తాగునీటి కేంద్రాలు పెట్టింది. లెక్కలోకి వచ్చిన చావే ప్రభుత్వాన్ని కదిలిస్తుంది. విధి అనుకున్న చావు ఎవరినీ కదిలించదు.

తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. అంతకు ముందు ఆపద్బంధు కింద ఇచ్చింది 50 వేలే. ఈ సంగతి మన ఊళ్ళో ఎందరికి తెలుసు? తెలిసినా, మరణానికి కారణం వడదెబ్బే అని అధికారుల ధ్రువీకరణ లేకపోతే ఆ డబ్బు చేతికి రాదు. చూశారా మిత్రులారా! "ఎండలు ఎప్పుడు లేవు బిడ్డా" అన్న ఒక్క అపోహ ఒక కుటుంబానికి ఎంత ఖరీదవుతోందో!

ఇంకో అన్యాయం కూడా చెప్పుకోవాలి. గాలిలోకి కార్బన్ వదలడంలో సగటు భారతీయుడి వాటా ప్రపంచ సగటులో సగం కంటే తక్కువ. సగటు అమెరికా పౌరుడి వాటా మనవాడి వాటాకు దాదాపు ఏడింతలు. మన దేశంలోనైనా కార్లు, ఏసీలు ఉన్నవాడి వాటా ఎంత, సైకిలు తొక్కే మన నాయన వాటా ఎంత? పాపం ఒకరిది, శిక్ష మరొకరిది. ఇది విధి కాదు, అన్యాయం. విధి ముందు తల వంచుకుంటాం, అన్యాయాన్ని ప్రశ్నిస్తాం. అపోహ తొలగితే కలిగే మొదటి లాభం ఇదే.

మనం చేయగలిగింది

కొండలు పిండి చేయమని మేము అనడం లేదు. ఎండాకాలం సెలవులకు ఊరికి పోయినప్పుడు ప్రతి విద్యార్థీ చేయగల పనులే చెబుతున్నాం.

మొదటిది, చెప్పడం. గ్రీన్‌హౌస్, పీపీఎం అని మొదలుపెడితే ఎవరూ వినరు. కార్తెలతో మొదలుపెట్టండి. "తాతా, మీ కాలంల మృగశిరకు విత్తనం పెట్టేటోళ్ళు గదా, ఇప్పుడెట్లున్నది?" అని అడగండి. యాభై ఏళ్ళ శీతోష్ణస్థితి ఆయన నోటి నుంచే వస్తుంది. మనం దానికి కారణం మాత్రం కలిపితే చాలు.

రెండవది, ప్రాణం కాపాడడం. పనికి తెల్లవారుజామునే పోయి ఎండ ముదిరేలోపు తిరిగి రావాలని, దాహం వేయకముందే నీళ్ళు తాగాలని, మజ్జిగ, ఓఆర్ఎస్ దగ్గర పెట్టుకోవాలని చెప్పండి. మనిషి ఒళ్ళు కాలిపోతూ తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు. దిష్టి తీసుకుంటూ గంట గడిపితే ప్రాణం దక్కదు.

మూడవది, కాగితం. జరగరానిది జరిగితే దుఃఖంలో ఉన్న కుటుంబానికి దరఖాస్తు రాసిపెట్టేవాడు కావాలి. ఆసుపత్రి నుంచి తహశీల్దారు ఆఫీసు వరకు వెంట నడిచేవాడు కావాలి. ఆ పని మనది. వాడకు ఒక్క డిగ్రీ ఉన్నా అది పదిమందికి పనికి రావాలి.

నాలుగవది, మన హాస్టళ్ళు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. డాబా మీద తెల్లటి పూత వేస్తే ఎండ వెనక్కి మళ్ళి కింది గదిలో వేడి తగ్గుతుందన్నది దాని సారం. సంక్షేమ హాస్టళ్ళకంటే ముందు ఈ పూత వేయవలసిన కప్పులు ఎక్కడున్నాయి? ఒకే గదిలో పది పన్నెండు మంది పడుకునే చోట రెండు మూడు డిగ్రీల తేడా కూడా చిన్నది కాదు. విద్యార్థులందరం సంతకాలు చేసి అడుగుదాం. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు ఈ విషయంలో మాకు తోడు నిలవాలని కోరుతున్నాం. మంజూరు అయ్యేలోపు సున్నం కొట్టడానికి మా చేతులు సిద్ధంగానే ఉన్నాయి!

ఇక చివరగా గ్రూప్స్ రాస్తున్న మిత్రులకు ఒక మాట. రేపు మీలో కొందరు తహశీల్దార్లు అవుతారు, ఎంపీడీవోలు అవుతారు. మే నెలలో ఒక ముసలితల్లి కొడుకు చావు కాగితం పట్టుకుని మీ టేబుల్ ముందు నిలబడుతుంది. "ఎండలు ఎప్పుడు లేవమ్మా?" అని ఆమెను పంపించివేస్తారా, కూర్చోబెట్టి దరఖాస్తు తీసుకుంటారా అన్నదే అసలు పరీక్ష. దానికి అశోక్‌నగర్‌లో ఏ గైడూ దొరకదు. ఇప్పుడే, ఈ హాస్టల్‌లోనే చదువుకోవాలి.